ఈసారి ఏర్కాడు పోదాం, అదీ మే నెలలో వద్దు



పోయిన కూటంలో ఈ ఏటి విహారయాత్ర మాట వచ్చింది. ఎక్కువ చేతులు లేచింది కొడైకెనాల్‌కే. మే నెల, రెండు బస్సులు, రాత్రి భోజనం చేసి బయలుదేరడం, మరుసటి రాత్రి తిరిగి రావడం. అధ్యక్షులు "వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు వాట్సాప్‌లో రాయండి" అన్నారు. నాకు వేరే అభిప్రాయం ఉంది. అది రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఓపికగా చదవండి.

నా మాట ఇది: ఈసారి ఏర్కాడు పోదాం. జనవరి నెలాఖరులో పోదాం. బస్సులో కాదు, రైల్లో పోదాం. రెండు రాత్రులు ఉండి వద్దాం. ఇందులో ప్రతి దానికీ కారణం ఉంది.

కొడైకెనాల్ మీద నాకు కోపమేమీ లేదు. మన జనానికి ఆ కొండతో పాత సంబంధమే ఉంది. ఘాట్ రోడ్డు లేని రోజుల్లో పెరియకుళం వైపు కృష్ణమ్మనాయక్కన్ తోపు దగ్గరే దొరలు బండి దిగి, గుర్రాల మీదా డోలీల్లోనూ కొండ ఎక్కేవాళ్ళు. కొడైకెనాల్ రోడ్ అని ఇప్పుడు బోర్డున్న స్టేషను పాత పేరు అమ్మయనాయక్కనూరు. రెండు పేర్లలోనూ నాయకులే ఉన్నారు. అక్కడి ఏరి కూడా మనిషి కట్టిందే. మదురై కలెక్టరుగా ఉన్న లెవింజ్ 1863లో వాగుకు కట్ట వేయించి నీళ్ళు నిలిపాడు. ఇవన్నీ చెప్పుకోదగ్గవే. కానీ మన సంఘంలో కొడై ఏరి చుట్టూ సైకిల్ తొక్కనివాళ్ళు ఎంతమంది? పైగా మే నెల కొడై ఇప్పుడు మనం చిన్నప్పుడు చూసిన కొడై కాదు. మద్రాసు హైకోర్టు ఆదేశం మీద 2024 మే 7 నుంచి ఊటీకీ కొడైకూ ఇ-పాస్ లేకుండా బయటి బండి ఎక్కకూడదు. 2025 వేసవికి కొడైకు మామూలు రోజుల్లో 4,000 బండ్లు, శని ఆదివారాల్లో 6,000 బండ్లు అని లెక్క కూడా పెట్టారు. కోర్టు బండ్లు లెక్కపెట్టాల్సిన పరిస్థితి వచ్చిందంటే ఆ కొండకు మన రెండు బస్సులు కూడా బరువే అని అర్థం.

ఇక ఏర్కాడు. తమిళంలో ఏరి, కాడు. చెరువూ అడవీ. పేరులోనే ఊరంతా ఉంది. సేలం పక్కన శేర్వరాయన్ కొండల మీద, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. సేలం నుంచి సుమారు 30 కిలోమీటర్లు, 20 హెయిర్‌పిన్ మలుపులు. ఊరి నడుమ ఏరి, దాని చుట్టూ కాఫీ తోటలు, కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియాల తీగలు, మధ్య మధ్య కమలా నారింజ. "ఏర్కాడు అంటే కాఫీ, ఆరంజ్" అని పర్యాటక శాఖ కాగితాలూ రాస్తాయి, సేలం ఆటోవాళ్ళూ చెబుతారు.

మరి ఆ ఆరంజ్ ఎప్పుడు చూస్తాం? మనం పొయ్యేది మే నెలలో. అక్కడ వేసవి విళా జరిగేదీ ఆ నెలలోనే. కానీ కమలా చెట్టు మన సెలవుల కోసం కాయదు. కొండల మీద కమలా ముఖ్యమైన కోత చలికాలంలో. మే నెలలో ఏరి గట్టున తోపుడుబండి మీద పసుపుపచ్చగా మెరిసే పండు ఆ కొండది కాదు. ఎక్కడో కోసి, లారీలో సేలం మార్కెట్టుకు వచ్చి, మనకంటే ఒక రోజు ముందు ఆ 20 మలుపులూ ఎక్కిన పండు అది. దాన్ని కొని, కోవిల్‌పట్టికి మోసుకొచ్చి, "ఏర్కాడు ఆరంజ్" అని పక్కింటికి పంచుతాం. కోవిల్‌పట్టి కడలమిఠాయి అని ఊరు కాని ఊళ్ళో ఎవరో తయారుచేసి అమ్మితే మనకు ఎంత మంట! ఆ పేరు కాపాడుకోవాలనే 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. మన మిఠాయికి ఒక న్యాయం, వాళ్ళ పండుకు ఇంకో న్యాయం ఉండకూడదు.

ఈ విషయంలో ఇంకా లోపలికి పోవాలి. కొండ మీద కమలా తోటలు మునుపటిలా లేవు. ఏర్కాడులోనూ అంతే, కొడై కింది కొండల్లో తాండికుడి, పన్నైకాడు వైపూ అంతే. చెట్లను ఒక తెగులు పట్టింది. ఇంగ్లీషులో గ్రీనింగ్ అంటారు. చీనావాళ్ళు పెట్టిన పేరుకు పచ్చ డ్రాగన్ రోగం అని అర్థం చెబుతారు, అక్కడ పచ్చ అంటే పసుపుపచ్చ. ఆకు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతుంది. కొమ్మలు చివరి నుంచి ఎండుతూ వస్తాయి. కాయ చిన్నదై, ఒక పక్కకు వంకరపోయి, పండినా ఆకుపచ్చగానే ఉండి, నోట పెడితే చేదు. కారణం ఒక బాక్టీరియా. దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసేది పేనంత పురుగు. పురుగు ఒక్కటే కాదు, మనుషులమూ మోస్తాం. రోగమున్న చెట్టు నుంచి మొగ్గ తీసి అంటుకడితే ఆ అంటు మొక్క పుట్టుకతోనే రోగి. పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు. పీకి కాల్చాల్సిందే.

ఇది ఒక్క మన కొండల గొడవ అనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడా అంటే ఏరులూ నారింజ తోటలూ. ఆ రాష్ట్రంలో ఈ తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన నేల 2024-25కు సుమారు 1.2 కోట్ల పెట్టెలకు దిగింది. అంత డబ్బూ, అంత సైన్సూ ఉన్న దేశమే నిలబెట్టుకోలేకపోయింది. అట్లాంటప్పుడు రెండెకరాల కాఫీలో ఇరవై కమలా చెట్లు పెట్టుకున్న కొండవాడు ఏం చెయ్యగలడు? పీకేసి మిరియం పెట్టుకుంటాడు. ఆయన్ను తప్పు పట్టలేం. మిగిలిన చెట్లు ఎందుకు మిగిలి ఉన్నాయంటే, ఇంకా కొనేవాడు ఉన్నాడు కాబట్టి. కాసే కాలంలో పోయి, తోట దగ్గర డబ్బిచ్చి కొనడం మనం చెయ్యగలిగిన చిన్న పని. మే నెలలో పోయి ఏరిలో పడవ ఎక్కి వస్తే ఆ చెట్టుకు మనం చేసిందేమీ లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా. కొండకు పోయినవాళ్ళు రోడ్డు పక్కన కవర్లో పెట్టి అమ్మే అంటు మొక్క తెచ్చి ఇంటి వెనక నాటుతారు. నిమ్మజాతి మొక్క మాత్రం అట్లా తేవద్దు. మనకు దగ్గరలోనే పులియంగుడి ఉంది, నిమ్మకాయ మార్కెట్టుకు పేరున్న ఊరు. అక్కడి రైతు బతుకు ఆ చెట్ల మీదే ఉంది. ఒక యాత్రికుడి సంచిలో వచ్చిన ఒక మొక్క ఎంత దూరం చేటు చెయ్యగలదో పైన చెప్పాను. మొక్క కావాలంటే ప్రభుత్వ తోటకళా కేంద్రంలోనో నమ్మకమైన నర్సరీలోనో రశీదుతో కొనండి. ఏర్కాడులోనే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. ముందుగా ఉత్తరం రాసి అనుమతి అడిగితే మన పిల్లలకు ఒక గంట చెట్లు చూపించి చెప్పేవాళ్ళు దొరకవచ్చు. ఆ ఉత్తరం రాసే పని నేను తీసుకుంటాను.

ఇప్పుడు పిల్లల మాట. మన ఇళ్ళలో పిల్లలకు ఒక్కటే పేరు తెలుసు, ఆరంజ్. కమలా అయినా ఆరంజే, బత్తాయి అయినా ఆరంజే. అవ్వలు ఉప్పులో ఊరవేసే నారత్తంకాయను చూపిస్తే "అది ఏమిటి" అంటారు. నిమ్మ, గజనిమ్మ, దబ్బ, నారింజ, కమలా, బత్తాయి, ఇన్ని పేర్లు ఒక్క కుటుంబానికి పెట్టుకున్న భాష మనది. అనంతపురం, కడప వైపు బత్తాయిని చీనీ అంటారు. నేను తమిళంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, డ్యూటీ లేని పొద్దుల్లో, గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సహోద్యోగి దగ్గర నేర్చుకున్నాను. అక్షరాలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. కానీ పండు పేరు నోట్లో పండు ఉన్నప్పుడే నేర్చుకోవాలి. అది పుస్తకంతో వచ్చేది కాదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషు ఆరంజ్ అనే మాట ఎక్కడిదో పిల్లలకు తెలియాలి. సంస్కృతంలో నారంగ. అది ఫార్సీలో నారంగ్ అయింది, అరబ్బీలో నారంజ్ అయింది, ఆ మీద ఐరోపా భాషలు దాటుతూ దాటుతూ ముందున్న న పోగొట్టుకుని ఆరంజ్ అయింది. ఆ సంస్కృత మాటకే మూలం ద్రావిడ భాషల్లో ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. మన నారింజ, తమిళుల నారత్తై, ఇంగ్లీషువాడి ఆరంజ్, ముగ్గురూ ఒక ఇంటివాళ్ళే. పిల్లవాడు గొప్ప అనుకుని పలికే ఇంగ్లీషు మాట మన వంటింటి జాడీలో ఉన్నదే.

బత్తాయి కథ ఇంకా బాగుంటుంది. వ్యాపారులు సాత్‌గుడి అని పిలిచే రకం పేరు పాత ఉత్తర ఆర్కాడు జిల్లాలోని, గుడియాత్తం వైపు ఒక ఊరి పేరు మీద వచ్చింది. ఆ చెట్టు తమిళ నేల పేరు పెట్టుకుని తెలుగు నేలకు పోయింది. అనంతపురంలో, కడపలో, నల్గొండలో స్థిరపడింది. మన పెద్దలు తెలుగు మాట పెట్టుకుని అదే దారిలో ఇటు వచ్చి ఈ నల్లరేగడిలో స్థిరపడ్డారు. మన పక్క ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథ రాశారు. ఆ వరుసలోని ఆయన నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది కూడా తమిళంలో రాసిందే. దాని గురించి నాకు బాధ లేదు. తోటల్లో బత్తాయి మొగ్గను జంబీరి వేరు మీద కడతారు. నేల నుంచి నీళ్ళు తాగేది జంబీరి, కాసేది బత్తాయి. ఒకటి లేకుండా ఇంకొకటి లేదు. కానీ తోటమాలి ఒక జాగ్రత్త పడతాడు. అంటు కట్టిన చోటు కింద వేరు నుంచి వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తీసేస్తాడు. తియ్యకపోతే నాలుగేళ్ళలో పైకొమ్మ ఎండి, చెట్టంతా జంబీరే అవుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడటం ఆ జాగ్రత్తే. తమిళం మీద ద్వేషం కాదు. ఆ వేరే కదా మనకు నీళ్ళు ఇస్తున్నది.

చరిత్ర గురించి కూడా ఒక మాట. ఏర్కాడును మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1842లో కనుగొన్నాడని చాలా చోట్ల రాసి ఉంటుంది. మన్రో అంటే రాయలసీమ జనం గుడి కట్టినంత గౌరవంగా చెప్పుకునే దొర. ఆయన 1827లో కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. చనిపోయిన 15 ఏళ్ళకు కొండ ఎట్లా కనుగొన్నాడు? టిక్కెట్టు మీద మొదట చూడాల్సింది తేదీ అని రైల్వేలో కొత్తవాళ్ళకు చెప్పేవాళ్ళం. పిల్లలకు అదే చెప్పండి. బోర్డు మీద ఉన్నదంతా నిజం కాదు. పైగా దొరలు కనుగొనే నాటికి ఆ కొండ మీద మనుషులు లేరా? మలయాళి అని పిలిచే కొండజనం ఉన్నారు. వాళ్ళు కేరళవాళ్ళు కాదు, తమిళం మాట్లాడేవాళ్ళు. తమ పెద్దలు కంచి నుంచి వచ్చారని చెప్పుకుంటారు. కొండ మీద శేర్వరాయన్ గుడి వాళ్ళది. ఎక్కడి నుంచో వచ్చి ఇంకో చోట కుదురుకున్న కథ మనకొక్కరికే లేదన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఏర్కాడు అని పట్టుబట్టడానికి పండు ఒక్కటే కారణం కాదు. మన యాత్రకు ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అన్నది ఎవరైనా లెక్క చూశారా? రాత్రి బస్సు అంటే మోకాళ్ళ నొప్పి ఉన్న అవ్వ రాదు. షుగరు ఉన్న తాత రాడు, ఆయనకు గంటకోసారి దిగాలి, అది పదిమందిలో చెప్పుకోలేడు. భర్త పోయిన ఆడవాళ్ళు "మేమెందుకులే" అంటారు, ఎవరూ రెండోసారి అడగరు. చిన్న జీతంవాడు పిల్లల ముందు డబ్బు లేదని చెప్పలేక "లీవు దొరకలేదు" అంటాడు. వచ్చేది ఎవరు? ఎప్పుడూ వచ్చే ఆ ముప్ఫై కుటుంబాలు. వాళ్ళు కూడా పోయేటప్పుడు నిద్ర, వచ్చేటప్పుడు నిద్ర, నడుమ ఏడెనిమిది గంటలు ఫోటోలు. తెలుగు మాట్లాడగలిగిన తరం ఇంట్లో, మాట్లాడలేని తరం బస్సులో. సంఘం యాత్ర అని పేరు పెట్టుకుని సంఘాన్ని ఇంట్లో వదిలి పోతున్నాం.

రైలు అయితే ఇది మారుతుంది. నాగర్‌కోవిల్ నుంచి బెంగళూరు పొయ్యే ఎక్స్‌ప్రెస్ మన కోవిల్‌పట్టి, విరుదునగర్ మీదుగా దిండిగల్, కరూర్, నామక్కల్ పట్టుకుని సేలం చేరుతుంది. కరూర్–సేలం లైను 2013లో తెరిచారు. దానికి ముందు ఈరోడ్ చుట్టి పోవాల్సి వచ్చేది. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారకముందే సేలం. స్టేషన్‌లో వేణ్ణీళ్ళు పోసుకుని, ఇడ్లీ తిని, వెలుగు వచ్చాక వ్యానుల్లో కొండ ఎక్కవచ్చు. విరుదునగర్ సభ్యులు కోవిల్‌పట్టి వచ్చి బస్సు కోసం కాచుకునే పని లేదు, వాళ్ళ స్టేషన్‌లోనే ఎక్కుతారు. అవ్వకు కింది బెర్తు, తాతకు నాలుగడుగుల్లో టాయ్‌లెట్టు. నాకు పాసు ఉంది కాబట్టి రైలు అంటున్నానని నవ్వేవాళ్ళు నవ్వండి. సీనియర్ సిటిజన్లకు ఉన్న రాయితీ 2020 మార్చిలో ఆపేశారన్నదీ నాకు తెలుసు. అయినా స్లీపర్ టిక్కెట్టు లెక్క వేసి చూడండి, ఆ బస్సు అద్దెను తలకు పంచిన లెక్కతో పక్కపక్కన పెట్టండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఒక ఫారానికి ఆరుగురే. పెద్ద గుంపుకు ముందుగా అర్జీ పెట్టి అనుమతి తీసుకోవాలి. అంటే జనవరి ప్రయాణానికి నవంబరులోనే పేర్లూ, వయసులూ చేతిలో ఉండాలి. ఆఖరి రోజు ఫోన్ చేసి "మా బావమరిది కూడా వస్తాడు" అంటే కుదరదు.

మీరు అడిగేవి నాకు తెలుసు. "మేలో అయితే పిల్లలకు సెలవులు కదా?" నిజమే. కానీ జనవరిలో శుక్రవారం ఒక్కరోజు బడి పోతుంది, అంతే. పెళ్ళికి మూడు రోజులు మాన్పిస్తాం, దీనికి ఒక్కరోజు మాన్పించలేమా? "డిసెంబరు సెలవుల్లో పోవచ్చు కదా?" క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా కొండ మీద రూము రేటు వినలేం. పైగా డిసెంబరు వాన నమ్మకూడదు. 2024 డిసెంబరు మొదట్లో తుఫాను వానకు ఏర్కాడు ఘాట్‌లో మట్టిపెళ్ళలు విరిగి పడి రోడ్డు ఆగింది. పొంగలు మన ఇళ్ళలో జరుపుకుని, ఆ తరువాత పోవడం మేలు. "చలి కదా, పెద్దవాళ్ళకు?" చలే. స్వెట్టరు, మంకీ క్యాపు, కంబళి. ఈ కరిసల్ ఎండలో అరవై ఏళ్ళు ఉడికినవాళ్ళకు రెండు రాత్రుల చలి శిక్ష కాదు, సుఖం. "ఏర్కాడులో చూడ్డానికి ఏముంది?" తక్కువే ఉంది. ఏరి, లేడీస్ సీట్, పగోడా పాయింట్, శేర్వరాయన్ గుడి, వాన ఉంటే కిళియూరు జలపాతం. తక్కువ ఉండటమే మంచిది. చూసేది తక్కువైతే కూర్చునేది ఎక్కువ. కూర్చుంటేనే మాట వస్తుంది.

కాబట్టి నా తీర్మానం ఇట్లా రాసుకోండి. ఒకటి, జనవరి ఆఖరి వారాంతం, రెండు రాత్రులు. రెండు, ప్రతి కుటుంబం తమ ఇంటి పెద్దను తీసుకురావాలి, కింది బెర్తులు మొదట వాళ్ళకే. మూడు, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళను మహిళా విభాగం వాళ్ళు ఇంటికి పోయి పిలవాలి, వాట్సాప్‌లో కాదు. నాలుగు, ఇవ్వగలిగినవాళ్ళు ఒక టిక్కెట్టు ఎక్కువ కట్టాలి. అది ఎవరికి పోయిందో కోశాధికారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. తీసుకున్నవాడి పేరూ వద్దు, ఇచ్చినవాడి పేరూ వద్దు, శాలువా అసలే వద్దు. అయిదు, ఒక పూట పొద్దున తోటకు పోయి, కమలా ఉన్నవాళ్ళ దగ్గర ఉన్నంత కొనాలి, బేరం ఆడకుండా. ఒక్కో పండు పేరూ అవ్వలు పిల్లలకు చెప్పాలి. ఆరు, ప్లాస్టిక్ సీసాలూ కవర్లూ కొండ ఎక్కకూడదు, ఇంటి నుంచి గుడ్డసంచీ, స్టీలు చెంబు.

మొదటి విరాళం, ఒక టిక్కెట్టుకు అయ్యే డబ్బు, నేను కోశాధికారి చేతికి ఇచ్చేశాను. రిజర్వేషను ఫారాలు నింపే పని కూడా నాదే, అది నా చేతికి అలవాటైన పని. వచ్చే ఆదివారం కూటంలో ఓటు పెట్టండి. కొడై గెలిస్తే కొడైకే వస్తాను, గొడవ పెట్టను. కానీ ఓటు వేసే ముందు మీ ఇంట్లో అవ్వనూ తాతనూ అడగండి, "నువ్వు వస్తావా?" అని. వాళ్ళు ఏ ప్రయాణానికి సరే అంటే దానికే చెయ్యి ఎత్తండి.